బాగు కాని గేజికి చెకింగ్ చార్జీ అడగడం న్యాయమేనా?

మైక్రాన్_పీణ్య
సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది హిందూపురం పక్క. బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో డయల్ గేజీలు, మైక్రోమీటర్లు, హైట్ గేజీలు, అంటే మెషీను పార్టుల సైజు కొలిచే పరికరాలు, బాగుచేసే చిన్న గది పెట్టుకున్నాను. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చేసి, ఒక టూల్‌రూంలో ఏడేళ్ళు పనిచేసినాక ఐదేళ్ళ కింద సొంతంగా మొదలుపెట్టినాను. పోయిన వారం జరిగింది చెప్తాను. తప్పు నాదైతే నాదనే చెప్పండి.

ఒక మెషీను షాపు నుంచి మైక్రాన్ డయల్ వచ్చింది, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు తేడా కూడా సూదితో చూపించే డయల్ గేజి. సూది 40 గీత దాకా బాగానే పోతుంది, అక్కడ ఒక్క క్షణం నిలబడి టక్కున మూడు గీతలు దూకుతుంది. వెనక మూత తీస్తే లోపలంతా నూనె. ప్లంజరు (పార్టుకి తగిలే కింది కడ్డీ) బిగుసుకుంటోందని ఎవరో మెషీను నూనె పోసినారు. డయల్ గేజిలో నూనె పోస్తే గ్రైండింగ్ పొడిని పిలిచి పీట వేసినట్టే. హెయిర్‌స్ప్రింగు చుట్లు రెండు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గేర్లన్నీ విప్పి, వైట్ పెట్రోల్‌లో కడిగి, ఇరుసులు తిరిగే పివట్ రంధ్రాలు సన్న పుల్లతో శుభ్రం చేసి, స్ప్రింగు చుట్లు లూపు (కంటికి పెట్టుకునే భూతద్దం) కింద విడదీసి మళ్ళీ కూర్చినాను. స్ప్రింగు బాగైంది, సూది దూకడం మాత్రం పోలేదు. మళ్ళీ విప్పినాను. ఈసారి పినియన్‌ని (లోపలి చిన్న పళ్ళ చక్రాన్ని) లూపు కింద కొద్దికొద్దిగా తిప్పుతూ చూస్తే ఒకే ఒక్క పన్ను అరిగిపోయి ఉంది. రోజూ ఒకే సైజు పార్టుని ఒకే ఎత్తులో కొలుస్తా ఉంటే పొద్దస్తమానం ఆ ఒక్క పన్నే రాక్ (ప్లంజరు మీది పళ్ళ వరస) మీద రాసుకుంటుంది. ఆ పినియన్ విడిగా దొరకదు. లోపలి మూవ్‌మెంట్ (గేర్ల సెట్టు) మొత్తం మార్చాలంటే అయ్యే ఖర్చుకి కొత్తది కొనుక్కోవడమే మేలు.

అంతా కలిపి రెండున్నర గంటలు పట్టింది. షాపుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పి, చెకింగ్ చార్జీ 350 రూపాయలు అడిగినాను. "బాగు చేయలేదు కదప్పా, దేనికియ్యాల?" అన్నారు. పిల్లోణ్ణి పంపించి గేజి తీసుకుపోయినారు.

నాకు నెలకి సుమారు 60 పీసులు వస్తాయి. అందులో 14, 15 ఇట్లానే తిరిగి పోతాయి. ఒక్కోదానికి గంటన్నర లెక్క వేసుకున్నా 22 గంటలు. నెలలో మూడు రోజులు ఉత్త చేతులతో ఇంటికి పోతున్నాను. గది అద్దె 9 వేలు, అది ఆ మూడు రోజులకీ పడుతుంది. తప్పు ఎక్కడుందో కనిపెట్టడమే ఈ పనిలో సగానికి పైన, మిగతాది స్క్రూలు బిగించడం. ఆ సగానికి కూలి అడిగితే ఎందుకు కోపమొస్తుందో నాకర్థం కావడం లేదు. ఈ పనిలో ఉన్నోళ్ళు, పని చేయించుకునేవాళ్ళు, ఇద్దరూ చెప్పండి.


జాబ్‌వర్క్_కామాక్షిపాళ్య
సోమవారం, రాత్రి 10:31

తమ్ముడూ, నేను గేజీలు తెచ్చిచ్చే వైపువాణ్ణి. కంపెనీలకి పార్టులు చేసే మూడు లేతులు, ఒక సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే మెషీను) ఉన్నాయి. నీ కష్టం తెలుసు కాబట్టే కటువుగా చెప్తున్నా, ఏమనుకోవద్దు.

నేను 100 పార్టులు పంపితే నాలుగు రిజెక్టు అయ్యాయనుకో. ఆ నాలుగింటికి కూలి సున్నా. పైగా మెటీరియల్ డబ్బు నా బిల్లులో కోస్తారు. మెషీను తిరిగింది, కరెంటు కాలింది, ఆపరేటర్ నిలబడ్డాడు అని నేను చెప్పుకుంటే వినేవాడెవడు? పని పూర్తయితేనే డబ్బు అన్న లెక్క మీద ఈ పేట మొత్తం నడుస్తోంది. నీ ఒక్కడికి వేరే లెక్క ఎందుకుండాలి?

ఇంకో సంగతి. రెండేళ్ళ కింద బోర్ గేజి (రంధ్రాల వ్యాసం కొలిచేది) ఒకతనికి బాగుచేయమని ఇచ్చాను. నాలుగు రోజులు పెట్టుకుని "లోపల పోయింది, బాగు కాదు" అని 400 తీసుకున్నాడు. సరే చివరిసారిగా చూద్దామని ఇంకొకరికి ఇస్తే, కింద కొలిచే తలకాయలో ఇరుక్కున్న ఇనుప రజను తీసి పావుగంటలో చేతిలో పెట్టాడు. మొదటతను అసలు విప్పాడో లేదో నాకెట్లా తెలుస్తుంది? బాగుచేస్తే 800, చేయకపోతే 400 అన్నావంటే, కష్టమైన పీసు వచ్చినప్పుడల్లా పక్కన పెట్టేసి 400 తీసుకోవడమే లాభం. నువ్వట్లాంటివాడివని అనడం లేదు. కానీ ఒక పద్ధతి పెట్టేటప్పుడు మంచివాణ్ణి చూసి పెట్టకూడదు.


ఈసీజీ_లీడ్
సోమవారం, రాత్రి 11:08

నేను ఆసుపత్రిలో బయోమెడికల్ విభాగంలో పనిచేస్తున్నాను, ఊరు గుంటూరు. మా దగ్గర ఈ ప్రశ్నే రాదు. వెంటిలేటర్ ఆగితే కంపెనీ ఇంజనీరు వస్తాడు. బాగయినా కాకపోయినా ఆయన వచ్చిన చార్జీ బిల్లులో పడుతుంది. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) అయితే ఏడాది మొత్తానికి ముందే డబ్బు కడతాం, అందులో స్పేర్లు ఉండవు. స్పేర్లతో కలిపి కావాలంటే సీఎంసీ, దానికి ఇంకా ఎక్కువ. మెషీను ఏడాదంతా ఒక్కసారి కూడా చెడిపోకపోయినా ఆ డబ్బు వెనక్కి అడగం. అవసరమైనప్పుడు మనిషి వస్తాడన్న భరోసా కోసం కడుతున్నాం.

అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో కెమెరాలు, వైద్య పరికరాలు, సంగీత వాద్యాలు, గడియారాలు బాగుచేసేవాళ్ళందరినీ ఒకే గుంపులో పెడతారు. లూపు కింద చూసే ఓపిక, చేతి నిలకడ అందరికీ కావాలి కాబట్టి కాబోలు. కానీ ఆ గుంపులోనే వైద్య పరికరాలవాళ్ళ జీతానికి, వాద్యాలవాళ్ళ జీతానికి చాలా దూరం. నేనైతే వాద్యాలవాళ్ళ పని తక్కువదని ఒప్పుకోను. అవతల ఆగిపోయిన పని ఎంత ఖరీదైనదో దాన్ని బట్టి ధర పలుకుతోంది, అంతే. నేను 2016లో 13 వేలకు చేరాను. ఇప్పుడు 48 వేలు. ఈ మధ్యలో నా చేతులేమీ నాలుగింతలు కాలేదు, నేను చూసే మెషీన్లు మారాయి.

అందుకని పీణ్య తమ్ముడికి నా మాట: మీ గేజి లేకపోతే వాళ్ళ లైను ఆగుతుంది. అంత విలువైన పనిని 350కి అడిగి, అదీ మొహమాటపడుతూ అడుగుతున్నారు.


పాత_వాచీ
మంగళవారం, ఉదయం 6:15

నా వయసు 68. ఈ ఊళ్ళో 41 ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాను. వాచీ విప్పి చూడ్డానికి ఈ చేతులు ఒక్కరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. చెయ్యగలిగితే చేశాను, లేకపోతే తుడిచి, మూత బిగించి, నమస్కారం పెట్టి ఇచ్చేశాను.

ఎందుకో చెబుతాను. ఒక ముసలావిడ భర్త వాచీ తెస్తుంది. ఆయన పోయి పదేళ్ళయింది. అది ఆగిపోయిందో, చచ్చిపోయిందో ఆమెకి తెలియదు. విప్పి చూడ్డానికే 300 అన్నాననుకోండి, ఆమె మెట్లు దిగి వెళ్ళిపోతుంది. ఆ వాచీ బీరువాలో తుప్పు పడుతుంది. నేను చూసుంటే సగం వాచీలకి కడిగి నూనె పెడితే చాలు. చూడ్డం ఉచితం కాబట్టే జనం తెస్తారు, తెస్తారు కాబట్టే పని ఉంటుంది. నాకు వచ్చిన ప్రతి పెద్ద పనికీ ముందు ఎక్కడో ఒక ఉచితమైన చూపు ఉంది.

బెంగళూరు జాలహళ్ళిలో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైంది. ఆ వాచీల మీదే నా పిల్లల చదువులు గడిచాయి. డబ్బు కోసమే అయితే ఈ పనిలో ఇన్నాళ్ళు ఉండేవాణ్ణి కాదు. బాగు కాని వస్తువుకి కూలి తీసుకుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.


మైక్రాన్_పీణ్య
మంగళవారం, మధ్యాహ్నం 1:40

పెద్దాయనా, మీ మాట మీద గౌరవం ఉంది. ఒక్కటి మాత్రం అడగనివ్వండి. హెచ్‌ఎంటీ నడిచినన్నాళ్ళు వాచీ లోపలి బ్యాలెన్స్ స్టాఫ్ కావాలన్నా, మెయిన్‌స్ప్రింగు కావాలన్నా అంగట్లో దొరికేది కదా? విప్పినవాటిల్లో ఎక్కువభాగం బాగయ్యేవి. బాగైనవాటి కూలి కానివాటిని మోసేది. నాకు ఆ వెసులుబాటు లేదు. తప్పు కనిపెట్టినాక స్పేరు దొరక్క ఆగిపోయేవి ఎక్కువ. కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ (కంపెనీలు రిపేరు, స్పేర్ల వివరాలు పెట్టే వెబ్‌సైటు) తెచ్చినప్పుడు ఎంతో ఆశగా చూసినాను. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఎలక్ట్రానిక్స్, ఇంట్లో వాడే సామాన్లు, బండ్లు అని నాలుగు రంగాలు పెట్టినారు. కొలిచే పరికరాల పేరే లేదు.

కామాక్షిపాళ్య అన్నా, మీకు డ్రాయింగు వస్తుంది, మెటీరియల్ గ్రేడు వస్తుంది. రిజెక్టు అయితే ఏదో ఒక లెక్కన మీ చేతిలోనే తప్పింది. నా దగ్గరికి వచ్చే పీసు ఎవరో కింద పడేసింది, ఎవరో నూనె పోసింది. లోపల ఏముందో తెలియకుండా తీసుకుంటాను. అది నా రిజెక్షను కాదన్నా, ఇంకొకరి రిజెక్షను.

కానీ మీ బోర్ గేజి సంగతికి నా దగ్గర జవాబు లేదు. నేను విప్పినానని మీరెట్లా నమ్మాల?


కాటా_యశవంతపుర
మంగళవారం, సాయంత్రం 4:22

నేను ఏపీఎంసీ (వ్యవసాయ మార్కెట్) యార్డులో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తాను. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ మండీలే నా గిరాకీ. మా పనిలో చూపు రెండు రకాలు, దీన్ని విడదీయకపోతే ఈ తగాదా తెగదు.

2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం కాటా బాగుచేయాలంటే మాకు లైసెన్సు ఉండాలి. వ్యాపారంలో వాడే ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి అధికారికంగా పరీక్ష జరిగి ముద్ర పడాలి. సీలు తెంచి బాగుచేస్తే మళ్ళీ ముద్ర పడేదాకా దాని మీద తూకం వేసి అమ్మకూడదు. అంటే నేను సీలు తెంచిన నిమిషం నుంచి ఆ మండీ ఆయనకి ఖర్చు మొదలైనట్టే. నేను బాగుచేసినా, చేయలేకపోయినా.

కాబట్టి సీలు తెంచే ముందు బయటి నుంచి ఎంత చూడొచ్చో అంతా చూస్తాను. పల్లెం నాలుగు మూలలా ఒకే బరువు పెట్టి తేడా వస్తోందేమో చూస్తాను. వైరు ప్లగ్గు బయట ఉన్న ప్లాట్‌ఫాం కాటా అయితే ప్లగ్గు పీకి లోడ్‌సెల్ (బరువుని కరెంటు సిగ్నలుగా మార్చేది) అవుట్‌పుట్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెడతాను. మామూలు సెల్లు 350 ఓముల దగ్గర చూపించాలి. ఓపెన్ చూపిస్తే వైరు తెగింది, లేదా సెల్లు పోయింది. పల్లెం కింద ఎలుక కొరికిన వైర్లు ఎన్ని చూశానో. ఇదంతా పది నిమిషాలు, ఉచితం. ఆ తర్వాత ఓనరుని పిలిచి, "ఇప్పుడు సీలు తెంచాలి, తెంచితే ఇంత, బాగు కాకపోయినా ఇంత" అని మొహం మీదే చెప్పేస్తాను. కొందరు వద్దంటారు. వద్దన్నవాళ్ళతో ఒక్కసారి కూడా గొడవ రాలేదు. గొడవలన్నీ చెప్పకుండా తెంచిన రోజుల్లోవే.

పెద్దాయన చెప్పిన ముసలావిడకి ఆ మొదటి పది నిమిషాలు చాలు. పీణ్య తమ్ముడు వెనక మూత తీసేముందే ఫోన్ చేయాల్సింది.


క్వాలిటీ_రూం
మంగళవారం, రాత్రి 8:05

చిన్న మాట. మా కంపెనీలో ఏటా గేజీలన్నీ ఎన్‌ఏబీఎల్ (లాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న లాబ్‌కి కాలిబ్రేషన్‌కి, అంటే కొలత సరిగా చూపిస్తోందో లేదో తేల్చడానికి, పంపుతాం. 20 డిగ్రీల గదిలో గేజిని అదే చలికి అలవాటు పడేదాకా ఉంచి కొలుస్తారు. 100 మిల్లీమీటర్ల స్టీలు పది డిగ్రీలు వేడెక్కితే 11 మైక్రాన్లకి పైన పెరుగుతుంది, అందుకని అంత జాగ్రత్త. చివరికి ఒక్కోసారి గేజి చూపించే తప్పు హద్దు దాటిందని తేలుతుంది. పనికిరాదని తెలిసిన ఆ గేజికి కూడా మా అకౌంట్స్ వాళ్ళు మారు మాట్లాడకుండా బిల్లు పాస్ చేస్తారు. ఎందుకంటే చేతికి కాగితం వచ్చింది. ఏ పాయింటు దగ్గర ఎంత తప్పు చూపిస్తోందో అందులో ఉంది, ఆడిట్‌లో చూపించుకోవచ్చు. పీణ్యవారు అదే తప్పు కనిపెట్టి ఫోన్లో చెప్పారు. నోటి మాట నీటి మూట. దానికి వోచరు రాయడం నా వల్ల కూడా కాదు.


జాబ్‌వర్క్_కామాక్షిపాళ్య
మంగళవారం, రాత్రి 8:47

ఇది నాకు ఒప్పుదల. ఆ రోజు నా బోర్ గేజికి 400 తీసుకున్నతను ఎక్కడ విప్పాడో, ఏం చూశాడో, ఏ పార్టు పోయిందో నాలుగు ముక్కలు రాసి, అరిగిన చోటు ఫోటో పెట్టి ఇచ్చుంటే నేను అడిగేవాణ్ణి కాదు. ఆ కాగితం రాయాలంటే విప్పక తప్పదు కదా. విప్పకుండా రాస్తే రెండోవాడి దగ్గర దొరికిపోతాడు.

అయితే తమ్ముడూ, చార్జీ ఎంతన్నది పీసు తీసుకునేటప్పుడే చెప్పాలి. రెండున్నర గంటలు నువ్వు కష్టపడ్డాక ఫోన్ చేసి చెప్తే అది కూలిలా వినబడదు, జరిమానాలా వినబడుతుంది.


చిట్టా_ఆవర్జా
మంగళవారం, రాత్రి 10:19

నేను ఇలాంటి చిన్న షాపులకి లెక్కలు రాస్తాను. "డబ్బు ఇచ్చేదాకా వస్తువు ఆపేయొచ్చా" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళు తరచూ అడుగుతుంటారు, అందుకని రాస్తున్నాను.

1872 కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్ దీనికోసమే ఉంది. మన చేతికి ఇచ్చిన వస్తువు మీద, ఏ పనికి ఇచ్చారో ఆ పనిలో శ్రమ గానీ నైపుణ్యం గానీ పెట్టి ఉంటే, దాని కూలి వచ్చేదాకా వస్తువుని ఉంచుకునే హక్కు ఉంటుంది. చట్టంలోనే రెండు ఉదాహరణలు ఇచ్చారు. సానపట్టని వజ్రాన్ని కోసి మెరుగు పెట్టమని ఇస్తే, పని అయ్యాక కూలి ముట్టేదాకా రాయిని ఆపుకోవచ్చు. కోటు కుట్టమని బట్ట ఇచ్చి, మూడు నెలల అరువుకి దర్జీ ఒప్పుకుని ఉంటే మాత్రం కోటు ఆపడానికి లేదు.

ఈ రెంటినీ మన సంగతికి పెట్టి చూడండి. గేజిని "బాగుచేయడానికి" తీసుకున్నట్టు రసీదు ఉంటే, బాగు కానప్పుడు మన వాదం బలహీనపడుతుంది. "విప్పి పరిశీలించి, వీలైతే బాగుచేయడానికి" అని ఉంటే, పరిశీలన కూడా వాళ్ళు అడిగిన పనే అవుతుంది. ఆ ఒక్క మాటకి అంత విలువ ఉంది. ఇక నెలాఖరు బిల్లు మీద పనిచేసేవాళ్ళు దర్జీ వరసలోకి వస్తారు. వాళ్ళు వస్తువుని ఆపే ఆలోచన మానుకోవడం మంచిది.

అలాంటివాళ్ళకి వేరే దారి ఉంది. ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోండి. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఆ గడువు దాటించిన బిల్లుని కంపెనీ ఆ డబ్బు కట్టేదాకా తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేదు. మార్చి నెల వచ్చేసరికి అకౌంట్స్ వాళ్ళే ఫోన్ చేసి అడుగుతున్నారు. నా కళ్ళతో చూస్తున్నాను.


పాత_వాచీ
బుధవారం, ఉదయం 6:02

అన్నీ చదివాను. కాటా ఆయన చెప్పిన పద్ధతి బాగుంది. మూత తీయకముందు ఉచితం అన్నారు కాబట్టి నాకు కాస్త ఊరట. అయినా చార్జీ విషయంలో నా మాట మారదు, నా బల్ల మీద నేను తీసుకోను.

పీణ్య బాబుకి ఒక ప్రశ్న. నా దగ్గర పాత డయల్ గేజీల స్క్రాప్ ఒక డాల్డా డబ్బా నిండా ఉంది. ఎవరో పడేస్తుంటే తెచ్చి దాచాను. ఆ పినియన్‌కి పళ్ళెన్ని, ఇరుసు మందం ఎంత? చెబితే వెతుకుతాను. దొరికితే వచ్చి పట్టుకెళ్ళు.


మైక్రాన్_పీణ్య
బుధవారం, మధ్యాహ్నం 2:11

పెద్దాయనా, మీ పోస్టు చూసిన వెంటనే ఆ షాపుకి ఫోన్ చేసినాను. "మీరే బాగు కాదన్నారు కదా" అన్నారు. సోమవారమే స్క్రాపువాడికి వేసేసినారంట. నేను ఆ రోజు పన్ను అరిగిందని చూసినాను గానీ, పళ్ళెన్నో లెక్కపెట్టి రాసి పెట్టుకోలేదు. అందుకని మీ డబ్బాలో ఏం వెతకాలో కూడా ఇప్పుడు చెప్పలేను.

ఈ పొద్దు కొత్త రసీదు పుస్తకం అచ్చుకి ఇచ్చినాను. పైన "విప్పి పరిశీలించి, వీలైతే బాగుచేయడానికి తీసుకున్నది" అని ఉంటుంది. దాని కింద మూత తీయకముందు చూసింది ఉచితం, మూత తీస్తే 350, బాగైతే ఆ 350 రిపేరు కూలిలో కలిసిపోతుంది అని రాయించినాను. వెనక పక్క ఖాళీ పట్టీ: ఏ పార్టు, పళ్ళెన్ని, ఇరుసు మందం, ఎక్కడ అరిగింది. ఆ వెనక పక్క కస్టమర్‌కి ఒక కాపీ, నాకొక కాపీ.

ఇదే కంపెనీ మైక్రాన్ డయల్ ఇంకొకటి నా దగ్గర ఉంది, ఇంకా మూత తీయలేదు. ఓనరు సాయంత్రం చెప్తానన్నాడు. సరేనంటే విప్పి, పళ్ళు లెక్కపెట్టి, ఆదివారం డబ్బా చూడ్డానికి మీ దగ్గరికి వస్తాను.